లైట్‌రూమ్ క్లాసిక్ రివ్యూ: గుంటూరు మిర్చి ఎరుపు, లంబసింగి మంచు, ఇంకా కొన్ని ఫొటోల వెనక కథ

ప్రయాణాల్లో తీసిన ఫొటోలు ఎడిట్ చెయ్యడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి అని అడిగినవాళ్లందరికీ నేను అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్ పేరే చెబుతాను. ఎందుకు అని అడిగితే మాత్రం వెలుగు, రంగులు పెంచి తగ్గించే స్లైడర్ల పేర్లు వరసగా చదివి వినిపించడం నాకు ఇష్టం ఉండదు, ఏ స్లైడర్ ఏం చేస్తుందో చెప్పే వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. ఒక ఊరికి వెళ్లి, అక్కడి మనుషులతో మాట్లాడి, ఫొటో తీసుకుని ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక, ఆ ఊరికి అన్యాయం చెయ్యకుండా ఆ ఫొటోని ఎంతవరకు మార్చొచ్చు? నాకు ఎడిటింగ్ అంటే ఈ ప్రశ్నే. అందుకే ఈ రివ్యూని నా ఫొటోల మీదుగా రాస్తున్నాను. ఏ ఫొటోలో ఏం చేశాను, ఏం ముట్టుకోకుండా వదిలేశాను, అందులో ఈ సాఫ్ట్‌వేర్ ఎంత పనికొచ్చింది, ఎక్కడ మనమే దాన్ని ఆపాలి అన్నది చెబుతాను.

ముందు పేర్ల గందరగోళం తీరుద్దాం. లైట్‌రూమ్ మొదటి వెర్షన్ 2007లో వచ్చింది. 2017 అక్టోబర్‌లో దాన్ని రెండు చేశారు. ఫొటోలన్నీ క్లౌడ్‌లో దాచే కొత్తది ఒకటి, మన హార్డ్ డిస్క్‌లోనే దాచుకునే పాత పద్ధతిది ఒకటి. ఈ రెండోదాని పేరే క్లాసిక్. ఫోన్‌లో మనం వాడే లైట్‌రూమ్ ఆ మొదటిదానికి చుట్టం. నేను ఇక్కడ మాట్లాడేదంతా క్లాసిక్ గురించే, ఎందుకంటే నెట్ సరిగా రాని ఊళ్లు తిరిగేవాళ్లకి ఫొటోలు తమ డిస్క్‌లో ఉంటేనే ప్రశాంతంగా ఉంటుంది.

దీంట్లో నాకు అన్నిటికంటే విలువైనది ఏ స్లైడరూ కాదు, ఇది మన రా ఫైల్‌ని, అంటే సెన్సర్ పట్టుకున్న వెలుగుని కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా దాచే ఫైల్‌ని, అస్సలు ముట్టుకోకపోవడం. మనం వెలుగు పెంచినా, రంగు తగ్గించినా, అంచులు కత్తిరించినా ఆ సూచనలన్నీ క్యాటలాగ్ అనే విడి ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది, ఫొటో ఎప్పటిది అప్పట్లాగే ఉంటుంది. హిస్టరీ పానెల్ తెరిస్తే ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేశామో మొత్తం కనిపిస్తుంది, అయిదేళ్ల తర్వాత తెరిచినా సరే. వర్చువల్ కాపీ అనే సదుపాయం ఉంది, డిస్క్‌లో ఇంకో ఫైల్ తయారవకుండానే ఒకే ఫొటోని రెండు మూడు రకాలుగా ఎడిట్ చేసి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. మన హైదరాబాద్‌లో ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్ దయాళ్ గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆయన కాలం నాటి కాగితం ప్రింట్లు ఎంత వెలిసిపోయినా ఆ గాజు పలక ఉంటే మళ్లీ కొత్తగా ప్రింటు వేసుకోవచ్చు. రా ఫైల్ మనకు ఆ గాజు పలకే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే చిన్న ఊరి మీద చంద్రుడు లేస్తుంటే తీసిన ఫొటోని ఆ తర్వాత దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింటు వేశాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు కనిపిస్తాయి, తర్వాతివాటిలో ఆకాశం దాదాపు నల్లగా అయిపోయింది. నెగటివ్ ఒకటే, వయసు పెరిగేకొద్దీ ఆయన చూపు మారింది. చూపు మారడానికి మనకీ చోటు ఉండాలి, ఆ చోటు ఈ సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. కెమెరా తనే రంగులు సర్ది, కుదించి ఇచ్చే జేపెగ్ ఫొటో మీద ఫోన్‌లో ఫిల్టర్ వేసి, అసలుది డిలీట్ చేసేస్తే ఆ అవకాశం ఉండదు.

ఇక ఫొటోల్లోకి వెళ్దాం. గుంటూరు నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే నేను ఎడిటింగ్ గురించి నేర్చుకున్నదాంట్లో సగం అక్కడి మిరప కల్లాల్లోనే నేర్చుకున్నాను.

ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో మిరపకాయలు ఎండబోస్తారు. కల్లం నిండా కాయలే, కింద నేల కనిపించదు. యార్డుకి వెళ్తే టిక్కీలు (మిర్చి బస్తాలు) గోడల్లా పేర్చి ఉంటాయి, ఘాటుకి కళ్లలో నీళ్లు ఆగవు, లోపలికి అడుగుపెట్టగానే దగ్గు మొదలవుతుంది. చూడ్డానికి ఫొటోగ్రాఫర్లకి పండగలా ఉంటుంది కానీ ఈ ఎరుపు కెమెరాకి చాలా కష్టమైన రంగు. సెన్సర్ వెలుగుని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానళ్లుగా పట్టుకుంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో ఎరుపు చానల్ మిగతా రెండిటికంటే చాలా ముందు నిండిపోతుంది. కెమెరా వెనక మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు, నీడ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూస్తే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది, మూడు రంగులకీ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుంటే తప్ప సంగతి తెలియదు. ఒకసారి ఆ చానల్ నిండిపోయిందంటే కాయ మీది ముడతలు, తొడిమ దగ్గరి నీడ, ఏదీ మిగలదు, మొత్తం ఒక ఎర్ర ముద్ద అవుతుంది.

అక్కడ ఒక కల్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయలు, వాటికి ధర చాలా తక్కువ, మంచి కాయల్లో కలిస్తే మొత్తం సరుకు ధరే పడిపోతుంది. వాళ్లలో ఒక పెద్దావిడ, నేను తీసిన ఫొటో కెమెరా వెనక చూపిస్తే, కాసేపు దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇదేందమ్మా, తాలు కాయ కూడా ఎర్రగానే ఉందే దీంట్లో?" అంది. ఎంత నిజమో! కెమెరా తెర మీద కనిపించేది రా ఫైల్ కాదు, కెమెరా తన రంగుల స్టైల్ వేసి తయారుచేసిన జేపెగ్. అది వివిడ్ అనే స్టైల్‌లో ఉంటే పసుపు నారింజవైపు, నారింజ ఎరుపువైపు జరిగినట్టు అవుతాయి. ఆవిడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పనల్లా ఈ కాయకీ ఆ కాయకీ తేడా పట్టుకోవడమే. ఆ తేడా లేని ఫొటోలో ఆవిడ ఊరికే కాయలు కెలుకుతున్నట్టు ఉంటుంది.

అందుకని ఇంటికొచ్చాక ఆ ఫొటోలన్నిటికీ మొదట చేసిన పని ప్రొఫైల్ (రా ఫైల్ రంగుల్ని ఎలా చూపించాలో చెప్పే సెట్టింగు) మార్చడం. లైట్‌రూమ్‌లో రా ఫైల్ తెరవగానే అడోబీ కలర్ అనే ప్రొఫైల్ దానంతట అదే పడుతుంది, అది కొంచెం హుషారుగా ఉంటుంది. దాన్ని అడోబీ న్యూట్రల్‌కి మార్చాను. ఫొటో ఒక్కసారిగా చప్పబడిపోయినట్టు కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు, అక్కణ్నుంచి మనమే కట్టుకుంటూ రావాలి. తర్వాత రంగుల పానెల్‌లో ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) కాస్త తగ్గించి, ఎరుపు వెలుగు కూడా కాస్త దించాను. పసుపుని, నారింజని ముట్టుకోలేదు. దాంతో తాలు కాయలు వాటంతట అవే విడిపడి కనిపించాయి, ఎర్ర కాయల మీద ముడతలు తిరిగొచ్చాయి. 2023 చివర్లో పాయింట్ కలర్ అని ఒకటి చేర్చారు, ఫొటోలో ఒక చోట క్లిక్ చేసి సరిగ్గా ఆ రంగునే సవరించుకోవచ్చు, ఇలాంటి పనికి అది ఇంకా నాజూకుగా ఉంటుంది. చివర్లో ఎస్ నొక్కి సాఫ్ట్ ప్రూఫింగ్ చూసుకోవాలి. మన తెర మీద కనిపించే ఎరుపుల్లో కొన్ని మామూలు ఫోన్లలో, ప్రింటుల్లో రావు, ఏవి రావో అది ముందే చూపించేస్తుంది.

ఫలితం? ఇన్‌స్టాలో కనిపించే గుంటూరు మిర్చి ఫొటోలంత ఎర్రగా ఉండదు నా ఫొటో. పక్కపక్కన పెడితే ముందు కన్ను వాటి మీదకే వెళ్తుంది, ఒప్పుకుంటాను. కానీ నా ఫొటోలో ఆ చేతులు ఏం చేస్తున్నాయో తెలుస్తుంది, నాకు కావలసింది అదే.

అదే కల్లంలో ఇంకో ఆవిడ, "కాస్త తెల్లగా వచ్చేట్టు తియ్యమ్మా" అంది. ఈ మాట మన ఊళ్లలో ఫొటో తీసే ప్రతివాళ్లూ విని ఉంటారు. దీనికి ఏం చెయ్యాలి? ఆవిడ కోరిక ఆవిడది, దాన్ని తీసిపారేసే హక్కు నాకు లేదు. అలాగని చర్మం రంగు మార్చేస్తే అది ఆవిడ ఫొటో కాకుండా పోతుంది. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. నెట్‌లో అమ్మే ట్రావెల్ ప్రీసెట్లలో, అంటే ఒక్క క్లిక్‌తో ఫొటో మీద వేసే రెడీమేడ్ సెట్టింగుల్లో, చాలావాటిలో నారింజ రంగు వెలుగుని పైకి లాగి పెట్టి ఉంటారు. మనుషుల చర్మం రంగు, ఏ దేశం వాళ్లదైనా, ఎక్కువగా ఆ నారింజ స్లైడర్ కిందికే వస్తుంది. మన చామనఛాయ మీద ఆ ప్రీసెట్ వేస్తే మొహం బూడిద పూసినట్టు పాలిపోతుంది, పెదాలకీ బుగ్గలకీ తేడా ఉండదు. వందల మంది అదే ప్రీసెట్ వేసి మన పల్లెల ఫొటోలు పెడుతున్నారు, చూస్తే బాధేస్తుంది.

నేను అసలు ఆవిడ అడిగిందేమిటో ఆలోచించాను. తల మీద కొంగు, నడినెత్తిన ఎండ, కొంగు నీడలో మొహం మునిగిపోయింది. ఆవిడ కళ్లు కనిపించడం లేదు. లైట్‌రూమ్‌లో మాస్కింగ్‌ని, అంటే ఫొటోలో ఒక భాగాన్ని మాత్రమే ఎంచుకుని సవరించే పద్ధతిని, 2021 అక్టోబర్‌లో పూర్తిగా మార్చారు, ఆ తర్వాతి ఏడాది మనుషుల్ని, వాళ్లలో మొహాన్ని, కళ్లని విడిగా గుర్తుపట్టే సదుపాయం చేర్చారు. మొహం మీద మాత్రం మాస్క్ పెట్టి, నీడలు లేపి, ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుగు) పిసరంత పెంచాను, రంగు స్లైడర్ల జోలికి పోలేదు. కళ్లు కనిపించాయి, ముక్కుపుడక మెరిసింది, చర్మం రంగు చర్మం రంగులాగే ఉంది. ప్రింటు వేయించి తర్వాత ఆ ఊరు వెళ్లినప్పుడు ఇచ్చాను. చూసి చీర రంగు బాగా వచ్చిందంది, తెలుపు నలుపు ఊసే ఎత్తలేదు. ఈ మాస్కులు పాతరోజుల్లో బ్రష్‌తో గీసుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది, ఇప్పుడు క్షణాల్లో అయిపోతుంది, ఈ విషయంలో లైట్‌రూమ్‌కి పూర్తి మార్కులు.

లంబసింగి సంగతి చిన్నదే కానీ చెప్పాలి. చింతపల్లి దగ్గర కొండల మీద ఊరు, చలికాలం పొద్దున్నే చెరువులవేనం ఎక్కితే కింద లోయంతా మంచు పరుచుకుని ఉంటుంది, మనం మబ్బుల పైన నిలబడినట్టు ఉంటుంది. 2015లో లైట్‌రూమ్‌లోకి డీహేజ్ అనే స్లైడర్ వచ్చింది, పేరులోనే ఉంది, మసకని తీసేస్తుంది. మంచు చూడ్డానికి తెల్లారగట్ల లేచి కొండెక్కి, ఇంటికొచ్చి ఆ మంచునే తీసేయడం ఏమిటో నాకు అర్థం కాదు, కానీ లంబసింగి ఫొటోల్లో సగం అలాగే ఉంటాయి, కొండ అంచులు కత్తితో కోసినట్టు, మంచు మురికి పట్టిన దూదిలా. నిజానికి మంచు ఫొటోలో సమస్య మసక కాదు, వెలుగు. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే కెమెరా దాన్ని మధ్యస్థంగా ఉండే బూడిద రంగు చేద్దామని చూస్తుంది, అందుకే మంచు నల్లబడుతుంది. తీసేటప్పుడే ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపు) పెంచి తియ్యాలి, లేదా తర్వాత ఎక్స్‌పోజర్ పెంచాలి, అంతే. నా ఫొటోల్లో డీహేజ్‌ని సున్నా దగ్గరే ఉంచాను, ఒకదాంట్లో సున్నా కంటే కిందికి కూడా దించాను. వైట్ బ్యాలెన్స్‌లో, అంటే వెలుతురు రంగుని సరిచేసే సెట్టింగులో, నీలం ఉంచేశాను, సూర్యుడు రాకముందు అక్కడ నీలంగానే ఉంటుంది, చలి ఆ నీలంలోనే ఉంది. ఆటో నొక్కితే దాన్ని వెచ్చగా మార్చేస్తుంది.

బొర్రా గుహల సంగతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ వైట్ బ్యాలెన్స్‌కి సరైన జవాబంటూ లేదు. సున్నపురాయి గోడల మీద ఒక మూల ఆకుపచ్చ లైటు, ఇంకో మూల ఎరుపు, దారి పొడవునా పసుపు. ఒకే ఫ్రేమ్‌లో నాలుగు రంగుల వెలుతురు ఉంటే ఒక రాయిని తెల్లగా చేసేసరికి పక్క రాయి ఊదా రంగులోకి వెళ్లిపోతుంది. మాస్కులు పెట్టి ఏ ముక్కకి ఆ ముక్క సరిచెయ్యొచ్చు, ఓపిక ఉంటే గుహ మొత్తాన్ని దాని అసలు రాతి రంగులోకి తేవచ్చు. నేను అది చేసి చూశాను, వర్చువల్ కాపీలో. భూగర్భశాస్త్రం పుస్తకంలో బొమ్మలా ఉంది, శుభ్రంగా, చూడ్డానికి బాగానే ఉంది. కానీ బొర్రా వెళ్లిన ఏ మనిషీ అలాంటి గుహని చూడలేదు. పిల్లలు ఆ ఆకుపచ్చ లైటు కింద నిలబడి ఫొటో దిగుతారు, శివలింగం దగ్గర క్యూ కడతారు, పైనుంచి నీటి చుక్కలు మీద పడితే కేకలు పెడతారు. అందుకని బయట పెట్టిన ఫొటోలో లైట్ల రంగులు ఉంచేశాను, మరీ కళ్లలో గుచ్చుకునే ఆకుపచ్చని మాత్రం కొంచెం తగ్గించాను, కింద రాతలో ఇవి పర్యాటకుల కోసం పెట్టిన లైట్ల రంగులు అని రాశాను. రాతి రంగు తెలియాల్సిన చోట రెండో కాపీ వాడతాను. రెండూ ఒకే ఫైల్‌లోంచి వచ్చినవి, రెండూ నా దగ్గర పక్కపక్కనే ఉన్నాయి. ఇంత సుళువుగా రెండు నిర్ణయాలనీ దాచుకోగలగడానికే నేను డబ్బు కట్టేది.

లేపాక్షి దగ్గర నాకు చాలాసేపు పట్టింది. వీరభద్రస్వామి గుడి మండపాల కప్పు మీద విజయనగర కాలం నాటి చిత్రాలు ఉన్నాయి, పదహారో శతాబ్దానివి. పార్వతీ కల్యాణం, వేట, వరసగా నిలబడ్డ స్త్రీలు, వాళ్ల చీరల మీద గళ్లు, పూలు, అంచులు, ఆ నమూనాల కోసమే నేతవాళ్లు, డిజైన్ చదివే పిల్లలు వచ్చి తలెత్తి గంటలకొద్దీ చూస్తుంటారు. ఫ్లాష్ వెయ్యను, వెయ్యకూడదు కూడా. అంటే చీకట్లోనూ ఫొటో వెలుగుగా వచ్చేట్టు చేసే ఐఎస్‌ఓ బాగా పెంచాలి, ఫొటో నిండా నాయిస్ (ఇసక చల్లినట్టు చుక్కలు) వస్తుంది. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ వచ్చింది, నిజంగా గొప్ప పనిముట్టు, చీకటి గుళ్లలో చేత్తో పట్టుకుని తీసే మనలాంటివాళ్లకి అది కొత్త లెన్స్ కొన్నంత. అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. కప్పు మీది గచ్చుకి సన్నటి గరుకు ఉంటుంది, వెంట్రుకవాసి బీటలు ఉంటాయి. డీనాయిస్ ఎక్కువ చేస్తే ఆ గరుకు నున్నబడి, చిత్రం నిన్న ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు వేసినట్టు అయిపోతుంది. డీనాయిస్ స్లైడర్ మొదట యాభై దగ్గర ఉంటుంది, నేను దాన్ని బాగా కిందికి తెచ్చి, నూరు శాతం జూమ్‌లో బీట ఒక్కటి పట్టుకుని, అది చెరగని చోట ఆపాను.

రంగుల సంగతీ అంతే. వెలిసిపోయిన కుంకుమ రంగుని, ఆకుపచ్చని మళ్లీ మెరిపించడం రెండు నిమిషాల పని. 'చూడండి, అయిదొందల ఏళ్ల కిందట ఇలా ఉండేది' అని పెడితే లైకులు కూడా వస్తాయి. కానీ అప్పుడు ఎలా ఉండేదో నాకు తెలియదు కదా, నా స్లైడర్‌కీ తెలియదు. పెచ్చులూడిన చోట పెచ్చులూడినట్టే ఉంచాను. కింద బండల మీద పడి పైకి తన్నే ఎండ వల్ల కప్పంతా పసుపుగా వచ్చింది, దాన్ని మాత్రం సరిచేశాను, ఎందుకంటే అది ఆ గంట ఎండ రంగు, చిత్రం రంగు కాదు. ఇది నా లెక్క, వేరేవాళ్లు ఆ పసుపుని ఉంచుతామంటే వాదించను.

గండికోట గురించి ఎక్కువ చెప్పను, అందరూ తీసే ఫొటోనే నేనూ తీశాను. పెన్నా లోయ, ఎర్ర రాళ్ల అంచు, సూర్యాస్తమయం. ఆకాశానికి సరిపడా తీస్తే లోయ నల్లబడుతుంది, లోయకి సరిపడా తీస్తే ఆకాశం తెల్లబడుతుంది. వేర్వేరు వెలుగుల్లో మూడు తీసి లైట్‌రూమ్‌లోనే హెచ్‌డీఆర్‌గా, అంటే వెలుగూ చీకటీ రెండూ కనిపించే ఒకే ఫొటోగా కలపొచ్చు, ఫలితం మళ్లీ రా లాంటి డీఎన్‌జీ ఫైల్‌గానే వస్తుంది కాబట్టి తర్వాత ఎడిటింగ్‌కి ఇబ్బంది లేదు. నేను చెప్పేది ఒకటే, ఆ లోయ అడుగున కొంచెం చీకటి ఉంచండి. అడుగున రాయి రాయీ లెక్కపెట్టేంత వెలుగు నింపితే లోతు పోతుంది. అంచున నిలబడితే గుండె ఝల్లుమనేది ఆ కింది చీకటి చూసే.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం, చెరపడం. 2024 మేలో లైట్‌రూమ్‌లోకి జెనరేటివ్ రిమూవ్ వచ్చింది. వద్దనుకున్నదాని మీద గీస్తే చాలు, అది తీసేసి, ఆ ఖాళీలో ఏముండొచ్చో తనే ఊహించి గీసి పెడుతుంది. పని అడోబీ సర్వర్ల మీద జరుగుతుంది కాబట్టి నెట్ ఉండాలి. చార్మినార్ ఫొటో మీద పెట్టి చూడండి, వైర్లు పోతాయి, ఆటోలు పోతాయి, తోపుడుబండ్లు పోతాయి, గాజులు బేరమాడే జనం పోతారు, 1591లో కట్టిన నాలుగు మినార్లు మాత్రం ఖాళీ వీధిలో నిలబడి ఉంటాయి. ఆ చోటు ఎక్కడా లేదు. లాడ్ బజార్ లేని చార్మినార్‌ని ఏ హైదరాబాదీ చూశాడు?

ఇది కొత్త జబ్బు కాదు, ఫొటోల పనిలోకి కంప్యూటర్ వచ్చిన తొలిరోజుల నుంచీ ఉంది. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక 1982 ఫిబ్రవరి సంచిక అట్ట మీద నిలువు ఫొటో కావాలని గిజా పిరమిడ్లని దగ్గరగా జరిపింది, ఎంతో కాలం దాని గురించి మాటలు పడింది. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో 2010లో స్తెపాన్ రూదిక్ అనే ఫొటోగ్రాఫర్ బహుమతి వెనక్కి తీసుకున్నారు, కారణం నేపథ్యంలో కనిపిస్తున్న ఒక పాదం ముక్కని చెరపడం. అదే ఫొటోని ఆయన గట్టిగా కత్తిరించి, బ్లాక్ అండ్ వైట్ చేసి, బాగా ముదురు చేశాడు, వాటికి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. వెలుగు నీడలు మార్చడం వేరు, ఉన్నదాన్ని లేకుండా చెయ్యడం వేరు అని గీత గీశారు. 2016లో పేరున్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ ఫొటోల ప్రదర్శన ఇటలీలో జరిగినప్పుడు క్యూబా వీధి ఫొటో ఒకదాంట్లో అతుకు సరిగా కుదరక దొరికిపోయింది, ఆ తర్వాత ఆయన ఇతర ఫొటోలని కూడా జనం పాత కాపీలతో పోల్చి చూడటం మొదలుపెట్టారు. తనది వార్తల ఫొటోగ్రఫీ కాదని, తాను బొమ్మలతో కథలు చెప్పేవాణ్నని ఆయన వివరణ ఇచ్చాడు. నాకు ఆ వివరణ సరిపోలేదు. ఆ ఫొటోలు చూసి ఆ ఊళ్లు అలాగే ఉంటాయని కోట్లమంది నమ్మారు, మన దేశం ఫొటోలతో సహా.

నా పద్ధతి చెబుతాను, కావాలంటే తీసుకోండి. సెన్సర్ మీద పడ్డ దుమ్ము మచ్చలు చెరుపుతాను, అవి నా కెమెరావి, ఊరివి కాదు. ఊళ్లో ఉన్నది ఏదైనా, అది వైరైనా, ప్లాస్టిక్ కవరైనా, ఫ్లెక్సీ అయినా ఉంచుతాను. మరీ అడ్డంగా ఉంటే పక్కకి జరిగి ఇంకో ఫొటో తీస్తాను, లేదా అంచు కత్తిరిస్తాను. పెళ్లి ఫొటోలకీ ప్రకటనలకీ ఈ రూలు అక్కర్లేదు, అక్కడ చూసేవాళ్లకి కూడా అది అలంకారమని తెలుసు. అడోబీకి నా విన్నపం ఒకటే, జెనరేటివ్ రిమూవ్ వాడిన ఫొటో ఏదో లైబ్రరీలో గుర్తు పెట్టి కొట్టొచ్చినట్టు చూపించాలి, ఎడిట్ చేసిన మనిషే మూడేళ్ల తర్వాత మర్చిపోతాడు.

ఎడిటింగ్ అంటే ఏరడం కూడా, తాలు కాయల్లాగే. క్లాసిక్ లైబ్రరీ భాగం ఈ పనికి చాలా బాగుంటుంది. పీ నొక్కితే ఉంచు, ఎక్స్ నొక్కితే తీసెయ్, ఎన్ నొక్కితే ఎంచుకున్నవన్నీ ఒకే తెర మీద. కలెక్షన్‌లో వేసి చేత్తో వరస మార్చుకోవచ్చు. ఒక ఊరి ఫొటోలు పది పెట్టాలంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నదాంట్లోనే కథ ఉంటుంది. మిర్చి ఫొటోల వరసలో నేను మొదట ఎర్రటి కల్లం పెట్టలేదు, ఘాటుకి కొంగు మూతికి కట్టుకున్న మొహం పెట్టాను, కల్లం తర్వాత వచ్చింది. సాంకేతికంగా అందులో ఫోకస్ కొంచెం మెత్తగా ఉంది, అయినా సరే.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. డబ్బు నెలనెలా, లేదా ఏడాదికోసారి కడుతూనే ఉండాలి. ఒకసారి కొనేసి ఎప్పటికీ వాడుకునే వెర్షన్లలో చివరిది 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6. కొత్తగా చేరేవాళ్లకి చవకైన 20 జీబీ ఫొటోగ్రఫీ ప్లాన్ 2025 జనవరి నుంచి ఆపేశారు, ఇది చిన్నచిన్న స్టూడియోలకీ విద్యార్థులకీ గట్టి దెబ్బే. కట్టడం ఆపేస్తే ఫొటోలు పోవు, క్యాటలాగ్ తెరుచుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, కానీ ఎడిట్ చేసే డెవలప్ భాగం మూతపడుతుంది. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్‌లో డీనాయిస్ ఒక్కో ఫొటోకి నిమిషాలు తింటుంది. మెనూలు తెలుగులో లేవు. ఇంకో ముఖ్యమైన సంగతి, సాఫ్ట్‌వేర్ మూసేటప్పుడు బ్యాకప్ అని అడిగేది క్యాటలాగ్‌కి మాత్రమే, ఫొటోలకి కాదు. ఇది తెలియక ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫొటోల ఫోల్డర్లని మనమే విడిగా ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. అలాగే ఫోల్డర్లని విండోస్‌లో జరపకండి, లైట్‌రూమ్ లోపలే జరపండి, లేకపోతే అది ఫొటో ఎక్కడుందో తెలియక ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి కూర్చుంటుంది.

ఎవరు తీసుకోవాలంటే, రా లో తీసేవాళ్లు, పాత ఫొటోల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు, ఒకే ఊరికి ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు. ఫోన్‌తో జేపెగ్ తీసి ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టేవాళ్లకి ఇది అక్కర్లేదు, గూగుల్ వాళ్ల స్నాప్‌సీడ్ ఉచితం, ఆ పనికి చాలు. డబ్బు కట్టడం కుదరదు కానీ రా ఎడిటింగ్ కావాలంటే డార్క్‌టేబుల్ ఉంది, పూర్తిగా ఉచితం, నేర్చుకోవడానికి ఓపిక ఎక్కువ కావాలి, రా ఫైల్‌ని ముట్టుకోకపోవడంలో అదీ ఇంతే నిజాయితీగా ఉంటుంది.

తీసుకునే ముందు ఏడు రోజుల ఉచిత ట్రయల్ ఉంది. ఆ వారంలో కొత్త ఫొటోలు వెయ్యకండి, మీకు బాగా తెలిసిన ఊరి పాత రా ఫైళ్లు కొన్ని వెయ్యండి. న్యూట్రల్ ప్రొఫైల్ పెట్టి, ప్రీసెట్ లేకుండా చేతులతో ఎడిట్ చేసి, ఆ ఊరి మనిషి ఎవరికైనా చూపించండి. గుర్తుపట్టి మాట్లాడటం మొదలుపెట్టారంటే డబ్బు కట్టెయ్యండి.